మేనేజరు కుర్చీ

జెర్లిన్ మీద తనకు కోపం లేదని నాగవల్లి తనకు తానే చాలాసార్లు చెప్పుకుంది. కోపమైతే ఒకసారి పోట్లాడి ఊరుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. స్కూలు గేటు దగ్గర జెర్లిన్ స్కూటీ చప్పుడు వినబడగానే ఆడపిల్లలంతా రాకెట్లు కింద పడేసి "జెర్లినక్క వచ్చింది" అంటూ ఉరుకుతారు. సున్నం డబ్బా పట్టుకుని ఒంగి ఉన్న నాగవల్లి చేతికింద గీత అప్పుడు వంకరపోతుంది.

ఆబిడ్స్ వెనక సందులో ఉన్న ఆ మిషన్ స్కూలు మైదానంలో, సాయంత్రాలు బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బు నడుస్తుంది. నాగవల్లి అక్కడికి ఆడడానికే వచ్చింది. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసింది గాని మైదానం మానలేదు. సామాన్ల గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. నీళ్లు చల్లించి దుమ్ము అణచడం, సున్నంతో గీతలు గీయడం, నెట్టు బిగించడం, ఉన్ని బంతులు తడవకుండా దాచడం, అన్నీ ఆమె పనే. నాంపల్లి క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి "చీకటి పడేలోపు నేనే దింపుతానండీ, పిల్లను పంపండి" అని తల్లులను ఒప్పించేదీ ఆమే. జీతం లేదు. పదవీ లేదు. ఎవరైనా అడిగితే "మా నాగవల్లి" అంటారు, అంతే.

జెర్లిన్ నిన్నగాక మొన్న క్లబ్బుకు వచ్చింది. మెదక్ నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడిన కుటుంబం, ఆబిడ్స్‌లో ట్రావెల్ ఆఫీసులో ఉద్యోగం. పోటీలు నడిపే అసోసియేషన్ వాళ్లతో ఫోన్లో ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతుంది. ఒకసారి ఇరానీ హోటల్ నుంచి చిన్న సమోసాలు పొట్లం కట్టించి తెచ్చింది. ఆ రోజు నుంచి పిల్లలు ఆమెలాగే తల వెనక్కి వేసి నవ్వడం నేర్చుకున్నారు. నాగవల్లి నవ్వును ఎవరూ నేర్చుకోలేదు.

ఆ ఏడు, అది తొంభై ఎనిమిది, ఆడవాళ్ల జట్టుకు మేనేజరుగా ఆడమనిషే ఉండాలని అసోసియేషన్ కొత్త నియమం పెట్టింది. అంతవరకూ ప్రతి పోటీకీ క్లబ్బు సెక్రటరీ భావనారాయణగారే వెళ్లి కోర్టు పక్కన, నెట్టుకు దగ్గరగా వేసిన మేనేజరు కుర్చీలో కూర్చునేవారు. ఒక గేము అయి ఇంకో గేము మొదలయ్యేలోపు పిల్లలు చెమటలు కారుస్తూ ఆ కుర్చీ చుట్టూ మూగేవారు. ఆయన "బాగా ఆడండమ్మా" అనేవారు. అంతకుమించి ఆయనకు చెప్పడానికేమీ ఉండేది కాదు. మెట్ల మీద నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చున్న నాగవల్లికి మాత్రం ఎవరికేం చెప్పాలో నాలుక చివర ఉండేది. ఈసారి వరంగల్ పోటీల్లో ఆ కుర్చీ తనది కావాలి. ఆ మాట పాత ఆటగత్తె విద్యావతికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

"మీటింగుల నేనే నీ పేరు చెప్త. ఫికర్ చెయ్యకు" అంది విద్యావతి.

ఆ క్లబ్బులో పదవి ఎవరూ అడగరు. ఒకరు పేరు చెప్పాలి, ఇంకొకరు బలపరచాలి. పేరు వచ్చినవాళ్లు వెంటనే ఒప్పుకోకూడదు, "నాకెందుకండీ" అనాలి. పేరు చెప్పినవాళ్లు బతిమాలాలి. అప్పుడు తలవంచి సరే అనాలి. భావనారాయణగారు ఏటా "షుగరు మనిషిని, నన్నొదిలేయండి" అంటూనే సెక్రటరీ అయ్యేవారు. పంచడానికి మిఠాయి మాత్రం ఆయన సంచిలో ముందే ఉండేది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక స్కూలు వరండాలో అందరూ చేరారు. ప్రెసిడెంటు హెర్బర్ట్‌గారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. "ఆడపిల్లల జట్టుకు మేనేజర్ కావాలె. పేర్లు చెప్పున్రి" అన్నారు.

విద్యావతి బెంచీ మీంచి సగం లేచింది. అంతలోనే వెనక వరుసలోంచి జెర్లిన్ లేచి నిలబడింది.

"నాగవల్లక్క పేరు చెప్తున్న సార్."

విద్యావతి మెల్లగా కూర్చుంది. అందరూ నాగవల్లి వైపు తిరిగారు. ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ల చాకిరీ ఎవరికీ కనబడలేదు. ఈ పిల్ల దయ తలచి చూపిస్తే కనబడిందా? ఆ కుర్చీ కూడా జెర్లిన్ చేతి మీదుగానే రావాలా? "నాకెందుకండీ" అని మెత్తగా అనవలసిన చోట నోరు ఇంకోలా తిరిగింది.

"నాకెందుకు? ఇంగ్లీషు వచ్చినవాళ్లు, స్కూటీలున్నవాళ్లు ఉన్నారుగా. వాళ్లకే ఇవ్వండి. జెర్లిన్ ఉండగా నేనెందుకు?"

ఇక బతిమాలవలసింది పేరు చెప్పిన మనిషి. జెర్లిన్‌కు ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. "అక్కకు ఇంట్ల ఇబ్బందేమో సార్, జబర్దస్తీ వద్దు" అని కూర్చుంది.

భావనారాయణగారు తల ఊపారు. "అయితే నాగవల్లిగారు జెర్లిన్ పేరు చెబుతున్నారన్నమాట. పెద్ద మనసండీ. నేను బలపరుస్తున్నాను."

"ఏం బిడ్డా, చేస్తవా?" అన్నారు హెర్బర్ట్‌గారు.

"అక్కనే చెప్పినంక నేనెట్ల కాదంట సార్? చేస్త."

ఒక్కసారి కూడా వద్దనలేదు. చప్పట్లు కొట్టారు. నాగవల్లి కూడా కొట్టింది. భావనారాయణగారు సంచిలోంచి తీసిన మైసూరుపాకు ముక్క ఆమె నోట్లో ఎంతసేపటికీ కరగలేదు.

గేటు దాటాక విద్యావతి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏందే నీ కత? నేను జర గట్టిగ బతిమాలుదామనే అనుకున్న. నువ్వు గట్ల ముఖం మాడ్చుకొని వద్దంటే నిజంగనే వద్దేమో అనుకున్న."

"ఆ పిల్ల ఎందుకు చెప్పాలి నా పేరు?"

"మంచిగనే చెప్పింది గదనే! దాన్ని కుర్చీల కూసోబెట్టింది నువ్వే. నీ నోటితోనే."

మర్నాడు మైదానానికి వెళ్లకూడదనుకుంది. తాళంచెవి హెర్బర్ట్‌గారింట్లో ఇచ్చేసి వద్దామని బయలుదేరింది కూడా. దారిలో గాలి లేదు. గాలి లేని సాయంత్రం ఉన్ని బంతి చెప్పినట్టు వింటుంది, మంచి ఆట పడుతుంది. కాళ్లు స్కూలు గేటు వైపే తిరిగాయి. ఎవరూ రాకముందే సున్నం డబ్బా తీసి గీత మొదలుపెట్టింది.

స్కూటీ ఆగింది. జెర్లిన్ ఈసారి నవ్వడం లేదు.

"అక్కా, ఒక మాట. బస్సు టికెట్లు, ఫోన్లు, రూములు నేను చూసుకుంట. కానీ ఆట నడుమ పిల్లలొచ్చి నిలబడితే ఏం చెప్పాల్నో నాకు తెల్వది. కోచ్ అని ఇంకో కుర్చీ వేస్తరంట. వరంగల్ వస్తవా?"

"నాకెందుకులే" అన్న మాట అలవాటు కొద్దీ నాలుక మీదికి వచ్చేసింది. నాగవల్లి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఈ పిల్ల ఒక్కసారే అడుగుతుంది. వద్దంటే నిజంగానే "సరే అక్కా" అని వెళ్లిపోతుంది. ఆ తరువాత మళ్లీ మెట్లు, నీళ్ల సీసాలు.

"వస్తాను" అంది. ఆ మాట ఎవరో పక్కనుంచి అన్నట్టు వినబడింది ఆమెకు.

"ఔనా? అమ్మయ్య!" జెర్లిన్ అక్కడే సున్నం మీద చతికిలబడింది.

"చీర... కాదు, ప్యాంటు పాడవుతుంది, లే" అంది నాగవల్లి. డబ్బా చెయ్యి మార్చుకుని అడిగింది: "నెట్టుకు దగ్గరగా ఉండే కుర్చీ ఎవరిది?"

"నీకేది కావాల్నంటే అది తీసుకో అక్కా. కుర్చీల ఏముంది?"

కుర్చీలో ఏముందట! ఏళ్ల తరబడి తను మెట్ల మీద కూర్చుని చూసిన దాన్ని ఆ పిల్ల చెయ్యి దులుపుకున్నంత సులువుగా ఇచ్చేసింది. తనైతే ఇవ్వగలిగేదా? ఆ ప్రశ్నకు లోపల మళ్లీ చురుక్కుమంది. ఇప్పుడు ఆ ఇవ్వడం మీద కూడా అసూయే.

"దగ్గరది నాది" అంది నాగవల్లి గట్టిగా. వంకరపోయిన గీతను కాలితో చెరిపి మళ్లీ మొదటినుంచీ గీయసాగింది.