పచ్చబడ్డ జల్లెడ

తొట్టిలో మంచినీళ్లు రెండోసారి మార్చి, రెగ్యులేటర్లను ఒక్కొక్కటే ముంచుతున్నాను. సముద్రంలోకి దిగేవాళ్లకి వీపు మీది సిలిండర్ నుంచి నోటికి గాలి అందించేవి ఇవే. ముంచేముందు ఒక్కోదాని ఇత్తడి తలకి మూత బిగించి ఉందో లేదో వేలితో తడిమి చూస్తాను. మూత లేకపోతే నీళ్లు లోపలికి పోతాయి. లోపల ఉప్పు చేరాక బయట ఎంత తుడిచినా దండగే.

ఆరో నంబరు మూత ఊడి, పక్కన వేలాడుతోంది.

దాన్ని పొడిగుడ్డ మీద పెట్టి తల విప్పాను. లోపల గోరంత జల్లెడ ఉంటుంది. రాగిరంగులో ఉండాల్సింది పాచి పట్టినట్టు పచ్చగా ఉంది. గీకితే పొడి రాలింది.

"అన్నయ్యా, ఈ వారం పడవలో వీటిని కడిగింది నువ్వేనా?"

బాబాయి కొడుకు ఫోన్లోంచి తలెత్తలేదు. "నేనే. ఏం, వాటికి తలంటు పోయలేదనా?"

"మూత పెట్టకుండా ముంచావు."

"ఒకసారి మర్చిపోయుంటాలే."

"ఒకసారికి ఇంత పచ్చబడదు."

ముందుగదిలో బుకింగులు చూసుకుంటున్న బాబాయి లేచి వచ్చాడు. ఈ డైవింగ్ వ్యాపారం ఆయనదే.

"ఏంటమ్మాయ్ గొడవ? రేపు ఆరుగురు దిగుతున్నారు. ఆరూ సిద్ధం చెయ్యి."

జల్లెడ అరచేతిలో పెట్టి చూపించాను.

"దీనికేనా! కాసేపు వెనిగర్‌లో వేసి తోము. నిన్న నేనే పీల్చి చూశాను, గాలి బ్రహ్మాండంగా వస్తోంది."

"ఒడ్డున వస్తుంది బాబాయ్. ఇరవై మీటర్ల లోతులో ఈ పొడి అడ్డం పడితే రాదు. తోమితే రంగు పోతుంది గానీ, ఉప్పు తినేసింది తిరిగి రాదు. కొత్తది వచ్చేదాకా రేపు ఐదుగురే దిగాలి."

"ఎంతమంది దిగాలో నువ్వు చెబుతావా? నీకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందెవరు?"

"మీరే. పచ్చబడిన జల్లెడతో ఎవర్నీ దింపకూడదని నేర్పింది కూడా మీరే."

గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతున్న పిన్ని చెయ్యి ఆపింది. "దీనికి నోరు లేదనుకున్నాం. ఇన్నాళ్లూ దాచుకుందన్నమాట!"

ఎవరూ నవ్వలేదు. బాబాయి మొహం కందిపోయింది.

"నువ్వు బిగిస్తావా లేదా?"

"బిగించను."

"సరే. వాడు బిగిస్తాడు. అన్నీ సరిచూశామని రాసే చీటీ మీద సంతకం కూడా వాడే పెడతాడు. ఒరేయ్, అది తీసుకో."

అన్నయ్య చెయ్యి చాచాడు గానీ కళ్లు నా వైపు తిప్పలేదు. రేపు దిగే ఆరో మనిషెవరో నాకు తెలియదు. ఆడో మగో కూడా తెలియదు. ఏ నంబరు చేతికిస్తే అది నోట్లో పెట్టుకుని, నమ్మి దూకే మనిషి.

మిగతా ఐదింటినీ తొట్టిలోంచి తీసి దండెం మీద వేలాడదీశాను. చేతులు తుడుచుకున్నాను. ఆరో నంబరు తలని, జల్లెడతో సహా, గుడ్డలో చుట్టి నా సంచిలో వేసుకున్నాను.

"ఏయ్, ఎక్కడికి? అది ఇక్కడ పెట్టు!" బాబాయి గొంతు పెరిగింది. "గడప దాటావంటే మళ్లీ పనిలోకి రానక్కర్లేదు!"

గుమ్మంలో పిన్ని నన్ను చూసి, బట్టల మూటని ఒక పక్కకి లాక్కుని దారిచ్చింది. చెప్పులేసుకుని వీధిలోకి దిగాను.