బొటనవేలంత వెన్న

నడుమెత్తు చెక్కపీపాలో కవ్వం కర్ర ఎత్తి దింపుతూనే ఉంది డీలియా. మీగడ చిక్కబడింది గాని వెన్న పడలేదు. నలభై ఒక్క ఏళ్లుగా లావెల్ వాళ్లింట్లో ప్రతి గురువారం వెన్న తీసేది ఆవిడే. పొట్టి మనిషి, కాయలు కాచిన అరచేతులు, పొగకు ఎర్రబడ్డ కళ్లు. ఈ చలికాలం నుంచి కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. యజమానురాలు సారాకి ఆ సంగతి తెలియనివ్వలేదు. వెన్న తీయలేని ముసలి పనిమనిషికి, దిక్కులేనివాళ్లని పడేసే జిల్లా ఆశ్రమమే గతి. అక్కడికి పోయినవాళ్లు తిరిగిరావడం డీలియా చూడలేదు.

పక్కింటి నాప్లా పటకారుతో వచ్చింది. "పనికి దేవుడి దీవెన! కాస్త నిప్పుంటే ఇవ్వవే, మా పొయ్యి ఆరిపోయింది."

"చిలికేటప్పుడు నిప్పు బయటికివ్వరని ఎరగవూ? అయినా నీ పొయ్యి ప్రతి గురువారమే ఆరుతుందేంటే?"

"పాపిష్టి పొయ్యి! నువ్వు జరుగు ముందు."

చిలికే ఇంట్లో అడుగుపెట్టినవాళ్లు కవ్వానికి ఓ చెయ్యి వెయ్యకుండా పోతే, ఆ ఇంటి వెన్న వాళ్ల వెంటే పోతుందంటారు. నాప్లా చెమటలు పట్టేదాకా చిలికి, నిప్పు మాటే మరిచి వెళ్లిపోయింది. వెంటనే పోస్టుమాన్ ఫెస్టీ వచ్చి, సంచి దించి కర్ర అందుకున్నాడు.

"ఉత్తరమేదిరా?"

"వచ్చేవారం వస్తుందిలే, పెద్దమ్మా."

"ఉత్తరం లేకుండానే ఇంత కొండ ఎక్కి వచ్చావా?"

ఫెస్టీ నాలుక కరుచుకున్నాడు. "సారమ్మ రమ్మంది. నీకు చెప్పొద్దంది. చలికాలం నుంచీ అందరం వంతులేసుకుని వస్తున్నాం."

డీలియా బల్లమీద కూలబడింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది ఇన్నాళ్ల తన తెలివి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మీ కడుపులు చల్లగుండ" అంది.

కాసేపటికి కర్రకి ఆవగింజలంత పూసలు అంటుకున్నాయి. ఆమె వెన్న కడిగి, ఉప్పు కలిపి, కంటికి కనబడనివాళ్ల వాటాగా చిటికెడు తీసి, ఎప్పట్లాగే బొటనవేలితో గోడకి అద్దింది. పాత చుక్కలన్నీ ఎప్పటికప్పుడు రాలిపోయాయి.

బంగాళదుంపల చేలోంచి సారా వచ్చింది. "ఎంత బాగా పడిందే డీలియా! ఏమైనా నీ చెయ్యి చెయ్యే."

డీలియా ఫెస్టీ వంక చూసింది. "అవునమ్మా, నా చెయ్యే" అంది.

సాయంత్రం పొయ్యి పక్క కుర్చీలో కునుకు తీసింది. సారా టీ కప్పుతో వచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. కప్పు కింద పెట్టి, చల్లబడిపోయిన ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

వేసవిలో ఇంటికి సున్నం కొట్టింది సారానే. కుంచె గోడంతా తిరిగి, ఆ వెన్న చుక్క దగ్గర మాత్రం పక్కకి తప్పుకుని పోయింది. ఎండి పసుపెక్కిన ఆ చుక్కలో డీలియా బొటనవేలి గీతలు అలాగే ఉన్నాయి.