పన్నెండో గిటారు

మా గోడకు పదకొండు బేస్ గిటార్లు వేలాడుతుండేవి. అన్నీ ఎడమచేతివే. అందరూ ఎడమచేత్తో మెడ మీద తీగలు నొక్కి కుడిచేత్తో మీటుతారు. నాది అటుదిటు. చిన్నప్పుడు పలక ముందు కూర్చోబెట్టి, మా నాన్న నా ఎడమచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేవాడు. కట్టు విప్పగానే బలపం మళ్ళీ ఆ చేతిలోకే వచ్చేది. ఆఖరికి ఆయనే విసిగి వదిలేశాడు. ఆయన మీద నేను గెలిచింది అదొక్కటే.

పన్నెండోది కుడిచేతిది. ఒక ముసలావిడ ఇంట్లో తలుపులు బాగుచెయ్యడానికి వెళ్తే బీరువా పక్కన కనిపించింది. నల్లటిది. మెడ వెనక బొటనవేలు ఆనే చోట రంగు అరిగి చెక్క తేలింది. అడిగాను.

"నీకెందుకు నాయనా? నువ్వు సుత్తి ఎడమచేత్తో పడుతున్నావుగా," అందావిడ.

"తీగలు తిప్పి కట్టుకుంటానమ్మా."

"మా ఆయనా ఎడమచేతివాడే. అట్లాగే అన్నాడు. పోయేనాటికి సంతకం కూడా కుడిచేత్తోనే పెట్టాడు."

నవ్వేసి తెచ్చుకున్నాను. లావు తీగను పైకి, సన్నదాన్ని కిందికి మార్చి గోడకు తగిలించాను.

"డజను నిండింది. ఇక పెళ్ళాన్ని వసారాలో తగిలించండి," అంది మా ఆవిడ.

పది రోజులకు మా బ్యాండు సాధనలో నా వేళ్ళు తడబడ్డాయి. డ్రమ్స్ వాయించే మా బావమరిది కర్రలు ఆపాడు.

"ఏం బావా, పాట వెనకాల నడిచొస్తున్నావా? బస్సెక్కి రారాదూ!"

అందరూ నవ్వారు. నేను చేతులు చూసుకున్నాను. తీగలు నొక్కే చేతికే కాయలు కాస్తాయి. ఇరవై ఏళ్ళుగా నా కుడిచేతి వేళ్ళకున్న కాయలు మెత్తబడ్డాయి. ఎడమచేతి నాలుగు వేళ్ళకూ కొత్తవి కాశాయి. ఒక్కోదాని మీద తీగ గీత ఉంది.

మర్నాడు పొద్దున్నే దాన్ని పట్టుకెళ్ళి ముసలావిడకిచ్చాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

"ఎన్నాళ్ళుంచుకున్నావు?"

"పదకొండు రోజులమ్మా."

"మా ఆయన మూడో రోజే అమ్మినవాడికి తిరిగిచ్చాడు," అంది. "తర్వాత ఆయనే వెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నాడు."

ఇంటికొచ్చి, మనసు కుదుటపడుతుందని నా మొట్టమొదటి గిటారు దించాను. లావు తీగ ఉండాల్సిన చోట సన్నది తగిలింది. రెండోది దించాను. మూడోది. పదకొండింటికీ తీగలు కుడిచేతివాడికి కట్టినట్టే ఉన్నాయి.

"వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

పెరట్లో తడిబట్టలు దులుపుతున్న మా ఆవిడ తల తిప్పి చూసింది.

"మీరేగా! వారం నుంచీ రోజూ మధ్యాహ్నం ముందేసుక్కూర్చుని తిప్పుతూనే ఉన్నారు. ఎందుకండీ అంటే, 'నాన్న చూస్తున్నాడు, మాట్లాడకు' అన్నారు. వేళాకోళమనుకున్నా."

మా నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది.

గిటారును నా పద్ధతిలోనే ఒళ్ళో పెట్టుకున్నాను. కుదరలేదు. తిప్పాను. ఎడమచెయ్యి తడుముకోకుండా మెడ మీద నడిచింది. కుడిచెయ్యి మీటింది. ఇరవై ఏళ్ళలో ఆ గిటారు అంత నిండుగా పలకలేదు. ఆపాలనుకున్నాను. కుడిచెయ్యి ఆగలేదు.

ఎడమచేతి మణికట్టు చుట్టూ, తువ్వాలు బిగించి విప్పినట్టు, ఎర్రటి చార ఒకటి తేలుతోంది.

"ఇవాళ బాగా వస్తోందండీ!" అంది మా ఆవిడ పెరట్లోంచి.