కందిపప్పు డబ్బా

రాజ్యశ్రీకి ఇంగ్లీషు చెప్పడం కొత్తేమీ కాదు. జర్మనీ ఉద్యోగ వీసా బ్లూ కార్డు మీద డ్యూసెల్‌డార్ఫ్ రాకముందు హనుమకొండలో ఓ స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లో రెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. అందుకే ఆఫీసులో క్లీనింగు, క్యాంటీను పనివాళ్ళకి గురువారం సాయంత్రాలు గంటసేపు ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలని హెచ్.ఆర్. వాళ్ళు అడిగితే చెయ్యెత్తింది. అయితే ఎత్తేముందు, రాబోయేవాళ్ళ జాబితా తెప్పించుకుని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది. దాదాపు అందరూ పోర్చుగీసు వాళ్ళే. ఫిలొమేనా అనే పేరు మాత్రం అందులో లేదు. హమ్మయ్య అనుకున్నాకే ఒప్పుకుంది.

ఆ పేరు ఎందుకు వెతికిందో చెప్పుకోవడం సిగ్గుచేటే. కానీ చెప్పకపోతే ఈ కథే లేదు.

జనవరిలో ఒక సోమవారం పొద్దున ఆఫీసులో మెడ తడుముకుంటే నల్లపూసల గొలుసు లేదు. హీటర్ వేడికి మెడ దురదపెడితే గొలుసు తీసి డ్రాయర్లో పడేసే అలవాటు ఆమెకు. డ్రాయర్ తీసి చూస్తే ఖాళీ. బిల్డింగ్ వ్యవహారాలు చూసే హెర్ క్రామర్ దగ్గరికి వెళ్ళి, శుక్రవారం డ్రాయర్లోనే పెట్టానని, తనకు బాగా గుర్తుందని ఖరాఖండిగా చెప్పింది. ఫ్లోర్ మీదున్న నలభై మందికీ మెయిల్ కొట్టింది. శని, ఆదివారాల్లో ఎవరొచ్చారని క్రామర్ అడిగితే, క్లీనింగ్ ఆమె తప్ప ఎవరొస్తారు అంది. దొంగ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చేసింది. ఆ ఒక్క ముక్కతో వారం తిరక్కుండా ఫిలొమేనాను రైన్ నది అవతల గోడౌన్లకి మార్చారు. అక్కడ డ్యూటీ తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది.

మార్చిలో ఇంట్లో కందిపప్పు డబ్బా అడుగంటింది. రాజ్యశ్రీ గ్లాసుతో అడుగు గీకుతుంటే పప్పులోంచి నల్లపూసలు బయటపడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది మహాతల్లికి. జనవరిలో ఆ శనివారం హీటింగ్ మీటరు చూసే మనిషి ఇంటికి వస్తానన్నాడు. ముక్కూ మొహం తెలియనివాడు గది గదీ తిరుగుతాడని, ముందురోజు ఆఫీసు నుంచి రాగానే గొలుసు తీసి పప్పులో పూడ్చిపెట్టింది. వాళ్ళమ్మా అంతే, అమ్మమ్మా అంతే. ఊరెళ్ళాలన్నా, ఇంట్లోకి కొత్తవాళ్ళు రావాలన్నా బంగారం పోయి పప్పు డబ్బాలో కూర్చోవాల్సిందే.

ఆ రోజే క్రామర్‌కి చెప్పేస్తానంది. భర్త సుధీంద్ర ఆపాడు.

"గిప్పుడు చెప్తే ఏమొస్తది రాజీ? ఆఫీసుల మొఖం ఎట్ల చూపిస్తవ్? ఆమె నౌకరైతే పోలే గదా. ఊకో" అన్నాడు.

ఊకుంది. మొగుడి మీద నెట్టడం తేలికే గానీ, ఆయన ఆ మాట అనాలనే ఆమె కోరుకుంది. రేపు చెబుదామని ఒక వారం, అప్రైజల్ అయ్యాక చెబుదామని ఇంకో నెల గడిపేసింది. గొలుసు దొరికిన మాట కంటే, ఆ సంగతి ఇన్నాళ్ళూ దాచిన మాట చెప్పడం రోజురోజుకీ కష్టమైపోయింది. ఆ గొలుసును మళ్ళీ ఆఫీసుకి వేసుకెళ్ళలేదు. దొరికిందా అని ఎవరైనా అడిగితే, పోయింది పోయినట్టే అని నిట్టూర్చేది కూడా. ఆ నిట్టూర్పు తలుచుకుంటే ఆమెకే ఒళ్ళు కంపరమెత్తేది.

అక్టోబరులో, నాలుగో క్లాసుకి, ఫిలొమేనా వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది. ఎందుకొచ్చిందో రాజ్యశ్రీకి ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆఫీసు కిచెన్‌లో పగటిపూట ఉద్యోగం ఒకటి ఖాళీ పడింది. కాస్త ఇంగ్లీషు వస్తే చాలు, సోమవారం ఇంటర్వ్యూ. ఫిలొమేనా దరఖాస్తు పెట్టింది. మంచి పనిమంతురాలే పాపం, కానీ ఆ జనవరి సంగతి ఫైల్లో ఉంది కదా, క్రామర్ సంతకం పెట్టడు అని హెచ్.ఆర్. అమ్మాయి కాఫీ తాగుతూ తేలిగ్గా చెప్పేసింది. రాజ్యశ్రీ తన కాఫీ సింకులో ఒంపేసింది.

దానికి తోడు ఆ రోజు గొలుసు ఆమె మెడలోనే ఉంది. క్లాసు అవగానే అటునుంచటే తెలుగువాళ్ళ బతుకమ్మకి వెళ్ళాలి. పట్టుచీర సంచీలో పెట్టుకుని, గొలుసు మాత్రం మెడలో వేసుకుని, పైన గడ్డం దాకా వచ్చే స్వెటర్ తొడుక్కుంది.

ఆనాటి పాఠం సెకండ్ కండిషనల్. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పడం, నాకు రెక్కలుంటే ఎగిరిపోయేదాన్ని అన్నట్టు. పోర్చుగీసు వాళ్ళకి ఊహించడం రాక కాదు. వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడుకునేటప్పుడు వాక్యం రెండు సగాల్లోనూ జరిగిపోయిన కాలమే వాడేస్తారు. అదే అలవాటుతో ఇంగ్లీషులో కూడా "ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ బాట్ ఎ హౌస్" అంటారు. రెండో సగంలో 'వుడ్' ఉండాలని రాజ్యశ్రీ బోర్డు మీద ఎర్ర మార్కర్‌తో రాసి, కింద రెండు గీతలు గీసింది. పుస్తకంలో ప్రశ్నలు వరసగా ఒక్కొక్కరికీ ఇచ్చింది. లాటరీ తగిలితే ఏం చేస్తావంటే క్యాంటీన్ వంటాయన రూయి పడవ కొంటానన్నాడు, దాంట్లోకి భార్యను మాత్రం ఎక్కించనన్నాడు. అందరూ నవ్వారు.

ఆరో ప్రశ్న చూసి రాజ్యశ్రీ చెయ్యి ఆగిపోయింది. మీకు దారిలో బంగారు ఉంగరం దొరికితే ఏం చేస్తారు, అని. దాన్ని వదిలేసి ఏడోది చదవబోయింది.

"ఆరోది నాది" అంది ఫిలొమేనా. లేచి నిలబడి, నాకు ఉంగరం దొరికితే ఇచ్చేశాను, అన్న అర్థం వచ్చేలా చెప్పింది.

"వుడ్" అంది రాజ్యశ్రీ బోర్డు వైపు తిరిగి. ఆ క్షణాన ఆమెకు ఆ తప్పు దిద్దడం కంటే మంచి చాటు దొరకలేదు. ఫిలొమేనా వుడ్ చేర్చి, వాక్యమంతా మళ్ళీ పద్ధతిగా చెప్పి కూర్చుంది.

గంట అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, ఆమె తప్ప. బ్యాగులోంచి నాలుగు మడతల కాగితం తీసి టేబుల్ మీద పరిచింది. నిండా పెన్సిల్ రాత. ఆమెది ముక్కల ఇంగ్లీషు, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

"నేను క్లాసుకి వచ్చింది ఉద్యోగం కోసమే కాదు టీచర్. ఆ రోజు క్రామర్ జర్మన్‌లో అడిగాడు. నాకు జర్మన్‌లో అంత మాట రాదు. మీకు నా భాష రాదు. అందుకని ఈ మాట ఇంగ్లీషులో నేర్చుకున్నాను. మీ గొలుసు నేను తీయలేదు."

ఫిలొమేనా కాగితం చూడకుండానే తర్వాతి మాట చెప్పింది.

"వాక్యూమ్ లాగేసిందేమో అనుకున్నాను. ఆ వారం సంచులన్నీ విప్పి, పేపరు మీద దుమ్ము పోసి, చేత్తో వెతికాను. ఇప్పుడు గోడౌన్‌లో కూడా సంచి మార్చిన ప్రతిసారీ చెయ్యి పెట్టి చూస్తాను. నాతోపాటు అక్కడికి పంపిన మిషన్ అప్పటిదే కదా."

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది రాజ్యశ్రీకి. సంతకం కోసం క్రామర్‌కి ఏదో ఒకటి చెప్పి పని జరిపించేద్దాం, ఈమెకు అసలు సంగతి తెలియనక్కర్లేదు అనే ఆలోచన కూడా ఆ క్షణంలోనే వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. స్వెటర్ మెడలోకి చెయ్యి పోనిచ్చి గొలుసు బయటికి లాగింది.

"ఇదే. మా ఇంట్లోనే ఉంది. పప్పు డబ్బాలో నేనే దాచి మర్చిపోయాను" అంది.

ఫిలొమేనా గొలుసు వైపు చాలాసేపు చూసింది. అరుస్తుందనుకుంది రాజ్యశ్రీ. అరిచినా బాగుండేది.

"ఎప్పుడు దొరికింది?"

"మార్చిలో."

ఫిలొమేనా తన భాషలో నెలలు చెప్పుకుంటూ వేళ్ళు ముడిచింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చింది.

"ఏప్రిల్‌లో కూడా వెతికాను" అంది. మళ్ళీ వేళ్ళ వైపు చూసుకుని, "ఆగస్టులో కూడా" అంది.

తప్పైపోయిందని రాజ్యశ్రీ మూడు రకాలుగా చెప్పింది. రేపు పొద్దున్నే క్రామర్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేస్తానంది. ఫిలొమేనా తల అడ్డంగా ఊపింది.

"పోయిందని అందరికీ రాశారు" అంది, టేబుల్ మీదున్న లాప్‌టాప్ చూపిస్తూ.

రాజ్యశ్రీ జనవరి మెయిల్ వెతికి తీసింది. క్రామర్‌తో కలిపి నలభై ఒక్క పేర్లు. వాటిలో పదకొండు తెలుగు పేర్లు, ఆ పదకొండు మందీ ఇంకో గంటలో బతుకమ్మ దగ్గర ఫోన్లు చేత్తో పట్టుకుని ఉంటారు. ఆమె చీర కట్టుకుని వెళ్ళేలోపే సంగతి అక్కడికి చేరిపోతుంది. అయినా టైప్ చేసింది. గొలుసు మార్చిలో మా ఇంట్లోనే దొరికింది, పెట్టింది నేనే, ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచిందీ నేనే, ఫిలొమేనాకు దీంతో ఏ సంబంధమూ లేదు. ఫిలొమేనా ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది. తన పేరు దగ్గర వేలు ఆపి, స్పెల్లింగు సరిగ్గా ఉందని చూసుకుంది. రాజ్యశ్రీ పంపేసింది.

మెయిల్ వెళ్ళినట్టు చూసుకున్నాక ఫిలొమేనా కోటు తొడుక్కుంది. కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. ఫరవాలేదని గానీ, థాంక్యూ అని గానీ అనలేదు. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"పప్పులో ఎందుకు పెట్టారు?"

"దొంగలు అక్కడ వెతకరని" అంది రాజ్యశ్రీ తల వంచుకుని.

ఫిలొమేనా ఆ మాటను తన భాషలోకి మార్చి ఒకసారి అనుకుని చూసుకుంది.

"నిజమే" అంది. "నేనూ అక్కడ వెతకలేదు."