చెంబెడు నీళ్ళు

పత్తి కట్టె పొగ... కొంచెం ఘాటు, కొంచెం తీపి.

అయిజ ఊళ్ళో తెల్లవారేది ఆ వాసనతోనే.

ఆ వాసన రాగానే ఉమేరా చెంబు అందుకుంటుంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. బర్మా నుంచి నాన్న జమీల్ వెంట పడవలు, కంచెలు, పట్నంలో గుడిసెలు దాటి ఇక్కడికి వచ్చింది. జమీల్ విత్తన పత్తి చేలల్లో కూలికి పోతాడు. పగలంతా పిల్ల హలీమాబీ దగ్గరే ఉంటుంది. హలీమాబీ వాళ్ళకు గది అద్దెకిచ్చిన ముసలమ్మ. జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది.

పొయ్యి అంటుకుంటుంది. చెంబెడు నీళ్ళు పడతాయి. పొయ్యి ఆరిపోతుంది.

ముసలమ్మ మళ్ళీ అంటిస్తుంది. మళ్ళీ నీళ్ళు.

ఏడుపు లేదు. పొగ పూర్తిగా పోయేదాకా పిల్ల అక్కడే నిలబడుతుంది.

"ఏందే పిల్లా, నా రొట్టెలు నీళ్ళల్ల కాల్వాల్నా?"

కసురుతూనే హలీమాబీ పిల్ల తడిసిన పావడా పిండుతుంది. నోటి దురుసు, చేతి చలవ... ఆ బాపతు మనిషి.

ఒక సాయంత్రం జమీల్ చెప్పాడు, నేల చూపులు చూస్తూ. బర్మాలో వాళ్ళ ఊరు అంటుకున్న పొద్దున తల్లి పిల్లను నీళ్ళకు పంపిందట. పిల్ల చెరువులో చెంబు ముంచుకుని పరుగెత్తిందట. వచ్చేసరికి ఇల్లు లేదు. తల్లి లేదు.

చెంబులో నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయట.

హలీమాబీ మర్నాడు రొట్టెలు చేయలేదు.

ఆ జాలితోనే ఒక తప్పు చేసింది.

ఈ వైపు ఊళ్ళలో దడుసుకున్న పిల్లల్ని పీర్ల పండగకు గుండం దగ్గరికి తీసుకుపోతారు. నిప్పుల చుట్టూ తిప్పి, నుదుట బూడిద పెడతారు. హలీమాబీ పిల్లలందరి దడుపూ అట్లాగే పోయింది. ఈ పిల్లదీ పోతుందనుకుంది.

ఈ పిల్ల దడుసుకున్నదే నిప్పుకు. ఆ ముక్క ఆమెకు తట్టలేదు.

పొద్దు గూకే వేళ. డప్పులు. గుండం నిండా మంట. మంట చుట్టూ ఆడే మనుషులు.

ఉమేరా హలీమాబీ కొంగు వదిలింది. పీర్లను ఎత్తుకున్నవాళ్ళ కాళ్ళు కడగడానికి ఎవరో తెచ్చిన చెంబు లాక్కుంది.

గుండంలో పోసింది.

చుయ్యిమంది. డప్పులు ఆగిపోయాయి.

"ఎవల పిల్ల ఇది? గుండంల నీళ్ళు పోస్తరా?" అని అరిచాడు సాయన్న. పెద్ద పీరును ఎత్తుకునే మనిషి ఆయన.

పిల్ల ఒకటే పరుగు. గది మూలన ముడుచుకుంది. అన్నం వద్దంది. తెల్లవారినా వద్దంది. హలీమాబీ నెత్తి కొట్టుకుంది. పొయ్యి వైపు పోవడానికి ఆమెకే మనసొప్పలేదు.

ఆ మధ్యాహ్నం పీర్లు చివరి స్నానానికి కాలువకు పోయి వచ్చాయి. పండగ అయిపోయింది. అప్పుడు వాకిట్లోకి సాయన్న వచ్చాడు. దారిలో జమీల్ ఎదురై అంతా చెప్పాడట. నిన్నటి గొంతు ఇవాళ లేదు.

"గుండం ఆర్పి పూడ్చాలె, హలీమక్కా. ఏటేటా మా ఇంటోళ్ళే ఆర్పుతరు. ఈయేడు బిడ్డ ఆర్పుతది. జర చెంబు తెచ్చుకొమ్మను."

జమీల్ చెబితే ఉమేరా గుండం దగ్గరికి వచ్చింది. నాన్న వేలు ఒక చేత, చెంబు ఒక చేత.

పైన బూడిద. అడుగున ఇంకా ఎరుపు.

ఒక చెంబు పోసింది. పొగ లేచింది. పిల్ల పారిపోలేదు.

చెంబు ఖాళీ అయింది. ఖాళీ చెంబులోకి చూస్తూ నిలబడింది... ఇక నీళ్ళు లేవన్నట్టు.

సాయన్న బిందె వంచి దాన్ని నింపాడు.

వెనక హలీమాబీ బిందె. ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్ళు, చంకల్లో బిందెలతో. వాళ్ళెవరూ గుండంలో పోయలేదు. పిల్ల చెంబు నింపుతూ ఉన్నారు. పిల్ల పోస్తూ ఉంది.

చుయ్... చుయ్...

చివరికి చప్పుడు లేదు.

ఉమేరా వంగి బూడిదలో చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. తిరిగి నాన్నను చూసి తన భాషలో ఏదో అంది.

"ఆరిపోయింది అంటున్నది," అన్నాడు జమీల్. ఆ మాట పూర్తయ్యేలోపే పిల్ల ఏడ్చింది. ఇన్నాళ్ళ ఏడుపు. ఆయనా ఏడ్చాడు. హలీమాబీ ఇద్దరినీ కసరలేదు.

మర్నాడు తెల్లవారింది.

హలీమాబీ పొయ్యిలో కట్టె పేర్చింది. ఉమేరా చెంబు అందుకుంది. ముసలమ్మ చేతిలో అగ్గిపుల్ల ఆగింది.

"అంటియ్యాల్నా, బిడ్డా?"

పిల్ల చాలాసేపు పొయ్యినే చూసింది. తర్వాత కొంచెం దూరంగా కూర్చుంది. చెంబు పక్కన పెట్టుకుంది, నిండుగా. తల ఊపింది.

మంట లేచింది.

పిల్ల చెయ్యి చెంబు మీదే ఉంది. రొట్టె పెనం మీద పొంగుతోంది. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

పత్తి కట్టె పొగ... కొంచెం ఘాటు, కొంచెం తీపి.