పూడ్చని గొయ్యి

బీచ్‌కి వచ్చేవాళ్ళు రెండు రకాలని అక్క అభిప్రాయం. కాగితాలు పారేసి పోయేవాళ్ళు ఒక రకం, గోతులు తవ్వి పోయేవాళ్ళు రెండో రకం. మొదటి రకాన్ని తిట్టి ఊరుకునేది. రెండో రకాన్ని చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోయేది. పిల్లలు ముచ్చటపడి తవ్వుతారు, తండ్రులు పిల్లలకన్నా ముచ్చటపడి నడుములోతు తవ్వుతారు, పొద్దు వాలగానే ఇసుక దులుపుకుని చక్కా పోతారు. తర్వాత అందులో ఎవరి కాలు పడితే వాళ్ళకేం?

ఆ ఇసుకను శుభ్రంగా ఉంచడమే పన్నెండేళ్ళుగా ఆమె ఉద్యోగం. డ్యూటీ దిగేముందు పార భుజాన వేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, కనబడ్డ ప్రతి గొయ్యీ పూడ్చి, మడమతో తొక్కి మరీ ఇంటికి పోయేది. అంత పట్టింపు ఎందుకంటే, మధ్య మంచె మీద కూర్చుని నీళ్ళలో దిగినవాళ్ళను కనిపెట్టుకుని ఉండే లైఫ్‌గార్డు ఆమె సొంత తమ్ముడు.

ఆ ఒక్క సాయంత్రం ఆమె పార ఆగింది. ఆరేళ్ళ పాప గోతి అంచున కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది.

"పూడ్చకండి ఆంటీ! అది మా ఇల్లు!"

"పొద్దున్నే వచ్చి మేమే పూడ్చేస్తామండీ, ఈ ఒక్క పూటకి వదిలేయండి," అని తండ్రి బతిమాలాడు.

అక్క అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. కానీ పాప ముక్కు ఎగబీలుస్తూ చూసిన చూపుకి కరిగిపోయింది. చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, ఎర్ర గుడ్డపీలిక కట్టి వచ్చేసింది. ఒక పిల్లను సంతోషపెట్టానని ఆ పూట తృప్తిగా అన్నం తిన్నది కూడా.

తెల్లారేసరికి పోటు వచ్చి పుల్లల్ని ఎత్తుకుపోయింది, గోతిని మాత్రం సగమే పూడ్చింది. ఏడింటికి ఒకాయన నీళ్ళలోంచి చెయ్యెత్తాడు. తమ్ముడు మంచె దిగి పరిగెత్తాడు. సగం దూరంలో ఆ గోతిలో దిగబడి బోర్లాపడ్డాడు. మోకాలు తిరగకూడని వైపుకి తిరిగిపోయింది. పక్క మంచె అతను పరిగెత్తుకొచ్చి మునిగేవాణ్ణి బయటికి లాగాడు కాబట్టి ఆయన బతికాడు. పాపా వాళ్ళూ ఆ పొద్దున రానేలేదు.

నడుస్తాడు గానీ పరుగు సంగతి మర్చిపొమ్మన్నాడు డాక్టరు. అక్క ఏడవలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. మరదలు "తవ్వినోళ్ళ చేతులు పడిపోను" అని శాపనార్థాలు పెడుతుంటే "ఊ" అన్నది. సూపర్‌వైజరు కాగితం ముందేసుకుని, "నువ్వు పూడ్చకుండా వదలవుగా, నువ్వెళ్ళాక ఎవడో తవ్వుంటాడు," అని తనే రాసుకుంటుంటే దానికీ "ఊ" అన్నది. ఇసుక ఊడ్చింది, గోతులు పూడ్చింది, ఇంటికెళ్ళి పడుకుంది. ఏం తింటోందో ఆమెకే తెలియడం లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే తమ్ముడు మళ్ళీ అక్కా అని పిలుస్తాడో లేదో. చెప్పకపోతే వాడు పిలిచినప్పుడల్లా తను పలకాలి.

తొమ్మిదో రోజు ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తూ, వాడి మొహం చూడకుండా చెప్పేసింది.

"తవ్వినోళ్ళని తిట్టకురా. ఆ గొయ్యి నేనే వదిలేశా. పాప ఏడుస్తోందని వదిలేశా. పుల్లలు గుచ్చాన్లే..."

పుల్లల మాట తన చెవికే వెర్రిగా వినిపించింది. తమ్ముడు పైకప్పు కేసి చూస్తూ మాట్లాడాడు. గొంతులో కోపం లేదు.

"ఆ గొయ్యి నేనూ చూశానక్కా. సాయంత్రం వాళ్ళు తవ్వుతుంటే మంచె మీంచి చూశా. దిగి చెబుదామనుకున్నా. అక్క పూడ్చేస్తుందిలే అని ఊరుకున్నా."

అక్క వలిచిన బత్తాయి తొన వాడి చేతిలో పెట్టింది.

"పొద్దున అది గుర్తే రాలేదు. పరిగెత్తేటప్పుడు కిందకి చూడటం నేను మానేసి పన్నెండేళ్ళయిందక్కా."