డోరా సర్దిన షెడ్డు

సీతాఫల్‌మండిలో ఇల్లు సర్దడంలో డోరాని మించినవాళ్ళు లేరని ఆ వీధంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే ఆవిడ ఊరుకోదు కూడా. వంటింట్లో పప్పుల డబ్బాలు పెద్దదాని నుంచి చిన్నదానిదాకా వరసలో ఉండాలి, మూతల మీద రాసిన పేర్లన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. చర్చికి ఆలస్యమవుతున్నా సరే, చెదిరిన చెప్పుల జత సరిచేసి గాని గేటు దాటదు. అలాంటి మనిషికి దేవుడు ఏరి ఏరి యేసురాజుని మొగుడిగా ఇచ్చాడు. ఇంకేం చెప్పమంటారు!

యేసురాజు రైల్వే వర్క్‌షాపులో ముప్పై రెండేళ్ళు బోగీల చెక్కపని చేసి రిటైరయ్యాడు. రిటైరైన నెలకే పెరట్లో గోడలు కట్టించి రేకుల షెడ్డు వేయించుకుని, స్టూళ్ళూ పీటలూ చేయడం, చర్చి బెంచీలు బాగుచేయడం మొదలుపెట్టాడు. పనిమంతుడే, కాదనలేం. కానీ రంపం నేల మీద, ఉలి కిటికీలో, మేకులు టీ గ్లాసులో! చూడకుండా ఆ గ్లాసు కడగబోయి డోరా ఎన్నిసార్లు వేళ్ళు గుచ్చుకుందో లెక్కలేదు. ఒకసారి ఆయన బొటనవేలు కోసుకుని నాలుగు కుట్లతో ఇంటికొచ్చాడు. ఆ రోజు డోరా నోరు వీధి చివరిదాకా వినిపించింది.

“ఇంకొక్కసారి రక్తం చూశానంటే ఈ షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి మురికి నాలాలో పారేస్తాను. ఏమనుకుంటున్నారో!”

ఆ మాట మంత్రంలా పనిచేసిందనుకుంది డోరా. కొన్నాళ్ళకి యేసురాజు మారిపోయాడు. గోడ మీద ప్రతి పనిముట్టుకీ ఒక మేకు కొట్టాడు. మేకు చుట్టూ నల్ల పెన్సిల్‌తో ఆ పనిముట్టు ఆకారం గీశాడు. సుత్తి తీస్తే గోడ మీద సుత్తి బొమ్మ మిగిలేది. ఉలి పిడులకి చిన్న గాట్లు పెట్టాడు, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు. మరలూ మేకులూ హార్లిక్స్ సీసాల్లోకి చేరాయి. పని అయిన నిమిషంలో వస్తువు తన చోటికి వెళ్ళిపోయేది. ముప్పై అయిదేళ్ళ పోరు ఇన్నాళ్ళకి ఫలించిందని డోరా మురిసిపోయింది. ఒంగోలులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఒక్కటే వెలితి. ఆ సర్దుడులో ఆవిడ కంటికి ఒక పద్ధతీ పాడూ లేదు. పెద్ద రంపం పక్కన వేలెడు ఆకురాయి! చిత్రిక పట్టే రందా ఎక్కడో కింద, మూలమట్టం తలకి తగిలేంత ఎత్తున! నేను సర్దిపెడతాను లెండి అంటే ఆయన నవ్వేవాడు.

“ఇల్లంత నీ ఇష్టం డోరా. గీ షెడ్డు ఒక్కటి ముట్టకు.”

మగవాళ్ళు అలాగే అంటారు, సర్ది చూపిస్తే నోరు మూసుకుంటారు అనుకుంది డోరా.

ఆ డిసెంబరులో ఎప్పటిలాగే క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేయించింది. పండక్కి సున్నం పడని ఇల్లు ఇల్లే కాదు ఆవిడ లెక్కలో. సరిగ్గా అప్పుడే, మౌలాలిలో ఉండే మరిది జకర్యా స్కూటరేసుకుని వచ్చి, ఇంట్లో ప్రార్థన కూడిక ఉందని అన్నని రెండు రోజులు తీసుకెళ్ళాడు. యేసురాజు చేస్తున్న పని బల్ల మీద సగంలో ఉంది. ఆరాధనలో పాడే కీర్తనల నంబర్లు పెట్టే బోర్డు అది. పాతది చెదలు పట్టిందని పాస్టరుగారు అడిగితే, క్రిస్మస్ ఆరాధనకల్లా కొత్తది ఇస్తానని మాటిచ్చాడు. ఆయన వచ్చేసరికి షెడ్డు కూడా మెరిసిపోవాలని డోరాకి బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి పుట్టిన నిమిషాన్ని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో!

సున్నం వేసే తుకారాం గోడ చూసి అడిగాడు. “అమ్మా, గీ గీతలన్ని గీకెయ్యాల్నా? సార్ ఏమనడు గద?”

“గీకెయ్యి తుకారాం, దరిద్రం వదులుతుంది. మేకులు కూడా పీకేసి చిల్లులు పూడ్చు.”

రెండు పూతల సున్నం పడింది. డోరా కొత్త మేకులు కొట్టించి, నడుం బిగించి తన పద్ధతిలో సర్దింది. రంపాలన్నీ ఒక వరస, ఉలులన్నీ ఒక వరస, పెద్దవాటి నుంచి చిన్నవాటిదాకా. సీసాలు కడిగి, ఇత్తడి మరలు ఇత్తడితో, ఇనుపవి ఇనుపవాటితో కలిపింది. మూలనున్న పనికిరాని చెక్కముక్కలు బాయిలర్‌లో వేసి నీళ్ళు కాచింది. వాటిలో ఒక బద్ద ఉంది, పొడుగునా దగ్గర దగ్గరగా గాట్లు. ఎలుకలు కొరికాయేమో అనుకుని అదీ మంటలోకి తోసింది.

ఇరవై మూడో తారీకు పొద్దున జకర్యా అన్నని గేటు దగ్గర దించి వెళ్ళాడు. డోరా ఎదురెళ్ళి చెయ్యి పట్టి లాగినట్టే పెరట్లోకి తీసుకెళ్ళింది. “చూడండి! ఎలా ఉందో చెప్పండి!”

యేసురాజు గుమ్మంలో ఆగి వాసన పీల్చాడు. “సున్నం ఏపించినవా? మంచిగున్నది,” అన్నాడు. అంతేనా? డోరాకి చివుక్కుమంది. రెండు రోజుల రెక్కల కష్టానికి ఒక్క ముక్కా! మూతి ముడుచుకుని టీ పెట్టి ఇచ్చింది. ఆయన తాగి, బోర్డు పని ఉందని షెడ్డులోకి వెళ్ళాడు.

వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ డోరా రంపం చప్పుడు కోసం చూసింది. రాలేదు. కాసేపటికి ఏదో ఇనుప వస్తువు నేల మీద పడింది. ఇంకోటి పడింది. తర్వాత ఏమీ లేదు. అలిగాడు కాబోలు, వస్తువులు విసిరికొడుతున్నాడు కాబోలు అనుకుని, దులపడానికి మాటలు కూడబెట్టుకుంటూ బయల్దేరింది.

యేసురాజు బల్ల ముందు నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి చాచి, భుజమంత ఎత్తున, ఉత్త గోడని తడుముతున్నాడు. ఆయన వెతుకుతున్న సుత్తి ముఖానికి జానెడు దూరంలోనే వేలాడుతోంది. చెయ్యి పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ అదే చోటికి వెళ్ళి గోడని తట్టింది. డోరా ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన చూపు ఆవిడ మీదుగా ఎటో పోయింది. మెల్లగా అరచెయ్యి ఎత్తి ఆయన కళ్ళ ముందు ఆడించింది. రెప్ప కదల్లేదు.

గాజులు గలగలమన్నాయి. “డోరా? నువ్వేనా?” అన్నాడు యేసురాజు.

ఆవిడ ఆడిస్తున్న చెయ్యి దించేసింది.

“యాడ పెట్టినవే అన్నీ?” అన్నాడు. కోపంగా కాదు. కోప్పడినా బాగుండేది. “నా గాట్ల బద్ద కనిపిస్తలేదు. అంగుళానికొక గాటు పెట్టుకున్న. గోటితోని చూస్కుంట కొలుస్త. గది లేకపోతె నేనేం కోస్త?”

అది బూడిదైందని ఎలా చెప్పాలి? చెప్పింది. చెప్పి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

అప్పుడు ఆయన కూడా చెప్పాడు. ఏడాదిన్నర కింద ఒక్కడే వెళ్ళి కళ్ళు చూపించుకున్నాడట. నీటికాసులన్నాడట డాక్టర్. పోయిన చూపు రాదు, ఉన్నది కూడా నెమ్మదిగా పోతుందన్నాడట. కళ్ళు మండుతున్నాయని చెప్పి ఆయన వేసుకునే చుక్కల మందు అందుకే. చూపు పోయేలోగా షెడ్డుని చేతికి నేర్పించుకోవాలని గోడ మీద బొమ్మలు గీశాడు. కళ్ళు మూసుకుని తీయడం, బొమ్మ చూసి సరిచేసుకోవడం, మళ్ళీ కళ్ళు మూసుకోవడం. అరవై రెండు వస్తువులు. ఏడాది పట్టింది.

“ఇప్పుడు వెలుగు, చీకటి, గంతే డోరా. రెండు నెలలాయె.”

“నాకు చెప్పలేదేం?” గొంతు చించుకుంది డోరా. “నాతో ఒక్క మాట అనుంటే నేను ఇందులో వేలు పెట్టేదాన్నా? ముప్పై అయిదేళ్ళు కాపురం చేశానే! జకర్యాకి తెలుసా?”

“వానికెరుక.”

“వాడికి చెప్పి నాకు చెప్పలేదా!”

“నీకు చెప్తె నువ్వు తాళమేస్తుంటివి,” అన్నాడు యేసురాజు.

లేదండీ అనబోయి డోరా ఆగిపోయింది. వేసేదే. ఆ రోజే వేసేది. ఆయన వేళ్ళు తెగకూడదని, మీ మంచికే అని నచ్చజెప్పి, కుర్చీలో కూర్చోబెట్టేది. అక్కడే కింద కూలబడి పిల్లలా ఏడ్చింది.

ఏడ్చి లేచి, కొంగు దోపుకుంది. గోడ మీద సున్నం గోళ్ళతో గీకింది, చాకుతో గీకింది. గీతలు ముందే తుకారాం చేతిలో రాలిపోయాయి, కింద ఉత్త మట్టి. పోనీ ఆయన చెయ్యే చెప్తుందని సుత్తీ మేకులూ పట్టుకుని పక్కన నిలబడింది. “మీరు చెయ్యి పెట్టండి, ఎక్కడ ఆగితే అక్కడ మేకు కొడతాను.”

“సుత్తి,” అంది డోరా. ఆయన చెయ్యి గాల్లోకి వెళ్ళి గోడ మీద ఆగింది. మేకు కొట్టింది. పెద్ద రంపం చోటు దొరికింది. రందా చోటూ దొరికింది. డోరాకి ప్రాణం లేచొచ్చింది. “అంగుళం ఉలి,” అంది. చెయ్యి వెళ్ళి, ఇందాకటి సుత్తి మేకు మీదే పడింది. ఆయన వెనక్కి తీసుకుని మళ్ళీ పెట్టాడు. ఈసారి రెండడుగుల అవతల. “ఆగు, ఆగు,” అని కళ్ళు మూసుకున్నాడు, ఆ కళ్ళకి మూసినా తెరిచినా ఒకటే అయినా. మళ్ళీ చాచాడు. ఈసారి చెయ్యి సగం దూరంలోనే నిలిచిపోయింది.

“యాది చేస్కుంటె రాదు డోరా,” అన్నాడు. “నేను అడగనప్పుడు చెయ్యి దానంతటదే పోతుండె. ఇప్పుడు చెయ్యి నన్ను అడుగుతున్నది.”

“వస్తుందండీ. రోజూ చేద్దాం. నేను పక్కనే ఉంటాను, ఒక్కొక్కటి అందిస్తాను.”

యేసురాజు బల్ల వైపు తిరిగాడు. సగం చేసిన బోర్డు మీద అరచెయ్యి పెట్టి, గాడి వెంట వేలు నడిపాడు.

“బయటంత నాకు కండ్లు లేవు. గిందులకొస్తె నాకు కండ్లు లేవన్న సంగతే మర్చిపోతుంటి. నువ్వు పక్కన నిలబడి అందిస్తె, గీడ సుత గుడ్డోన్నే అయిత గద.”

డోరా చేతిలో సుత్తి అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. ఇల్లంతటికీ దేన్ని ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి.

క్రిస్మస్ రోజు పొద్దున డోరా కొత్త చీర కట్టుకుని, ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగింది. బోర్డు కాలేదని పాస్టరుగారికి ముందే చెప్పి పంపింది, కారణం చెప్పలేదు. మొన్నటిదాకా యేసురాజు ఈ ఇంట్లో మంచం నుంచి గేటుదాకా ఎవరి సాయమూ లేకుండా నడిచేవాడు. ఆవిడకి అనుమానమే రానివ్వలేదు. ఈ వేళ మంచం దిగి నిలబడి, చెయ్యి ముందుకి చాచాడు. ఆవిడ పట్టుకుంది. నాలుగడుగులు వేసి ఆగాడు.

“గడప వచ్చిందా, డోరా?”

“వచ్చిందండీ,” అంది డోరా. “కాలెత్తండి.”